ఆయిల్ చాంబర్ స్పాంజ్ తీసేసి రెండేళ్లయింది: అనంతపురం నుంచి ఒక డీజిల్ కారు కథ

నాది 2015 మోడల్ డీజిల్ కారు. శబ్దం తగ్గడానికని ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) చుట్టూ ఒక ప్యానెల్ బిగించి వచ్చింది. బయట ప్లాస్టిక్, లోపల మందంగా స్పాంజ్. రెండేళ్ల కిందట దాన్ని తీయించేశాను. ఆ తర్వాత 36,000 కిలోమీటర్లు తిరిగింది బండి. ఎక్కువ భాగం తాడిపత్రి రోడ్డు, అప్పుడప్పుడూ హైవే మీద కర్నూలు.

తీయించింది సరదాకి కాదు. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య దాదాపు లీటరు ఆయిల్ తగ్గేది. ఇంజిన్‌లో ఆయిల్ కాలితే సైలెన్సర్‌లోంచి వచ్చే నీలం పొగ లేదు. ఇంటి ముందు పరిచిన కడప బండల మీద ఒక్క చుక్క మరక లేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "పాత బండి కదా సార్, తాగుతుంది" అని పంపేశారు. ఇంజిన్ విప్పాల్సి వస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్.

చివరికి మా వీధి చివరి మెకానిక్ భాయ్ బండిని గుంట మీద పెట్టి, ఆ ప్యానెల్ విప్పి, స్పాంజ్‌ను చేత్తో పిండాడు. నల్లటి ఆయిల్ కారింది, ఎర్రమట్టితో కలిసి. "ఇంజిన్ కాదన్నా, ఇది తాగుతా ఉంది" అన్నాడు. చాంబర్ అంచున సిలికాన్ గమ్ ఒకచోట వదిలేసింది. అక్కడ ఊరిన ఆయిలంతా స్పాంజ్ పీల్చుకుంటుంటే నేల మీద చుక్క ఎట్లా పడుతుంది? చాంబర్ దించి, పాత గమ్ గీకి, కొత్తది పూసి బిగించాడు. ఆ తడిసిన స్పాంజ్‌ను మళ్లీ తొడగడానికి నాకే మనసొప్పలేదు. పక్కనే వేడి ఎగ్జాస్ట్ పైపు మరి.

ఇక శబ్దం. ఉన్నమాట చెప్పాలంటే పెరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కటకటమని మోగుతుంది. మొదటి వారం మా అమ్మ గడపలోంచే "ఏంరా, ట్రాక్టర్ మాదిరి మోగుతాందే" అంది. ఇంజిన్ వేడెక్కాక కాస్త తగ్గుతుంది. లోపల కూర్చుని అద్దాలెత్తి 80లో పోతుంటే టైర్ల మోతే తప్ప నాకు తేడా తెలియలేదు. సిగ్నల్ దగ్గర అద్దం దించితే మాత్రం తెలుస్తుంది. మైలేజీలో మార్పేమీ లేదు. ఇంజిన్ చల్లగా ఉంటుందని కొందరంటారు కానీ డాష్‌బోర్డు ముల్లు చూపేది కూలెంట్ వేడి, ఆయిల్ వేడి కాదు. కాబట్టి ఆ మాట నేను చెప్పలేను.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఈ ప్యానెల్ వేరు, బండి కింద ఉండే ఇంజిన్ గార్డ్ వేరు. గార్డ్ తీసేయొద్దు. మన పల్లె రోడ్ల మీద రాయి తగిలి చాంబర్ లోపలికి నొక్కుకుంటే, ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడొచ్చు. నా బండిలో ప్యానెల్ బోల్టులు విడిగా ఉన్నాయి. కొన్నింటిలో చాంబర్ బోల్టులతోనే కలిపి బిగిస్తారు. అట్లాంటివైతే ప్యానెల్ తీశాక సరైన పొడవు బోల్టులు వేయాలి, లేకపోతే పట్టు సరిగా రాక మళ్లీ అక్కడే కారుతుంది.

లీకు లేని బండికైతే తీయమని నేను చెప్పను. నా బండిలో ఇప్పుడు సర్వీసు దాకా ఆయిల్ డిప్‌స్టిక్ (కొలిచే పుల్ల) గీత దగ్గరే నిలబడుతోంది. ఆ ప్యానెల్ మిద్దె మీద ఉంది. మూడుసార్లు సర్ఫ్ నీళ్లలో నానబెట్టినా వాసన పోలేదు.