కోమో సరస్సా, అమాల్ఫీ తీరమా: ఇటలీలో వేసవికి ఏది మేలు?

ఒక ఏడాది మే నెలలో అమ్మతో కలిసి కోమో సరస్సుకు, మరుసటి ఏడాది జూన్ నెలాఖరులో చెల్లెలి కుటుంబంతో కలిసి అమాల్ఫీ తీరానికి వెళ్ళివచ్చినప్పటి నుంచి, మా బంధువుల్లో ఇటలీ ప్రయాణం తలపెట్టిన ప్రతివారూ నన్ను అడిగే ప్రశ్న ఇదే. రెండూ చూడవలసినవేనని చెప్పి తప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పిల్లల సెలవులు, ఆఫీసు సెలవు, షెంజెన్ వీసా మూడూ కలిసివచ్చిన ఎనిమిది పది రోజుల్లో ఒక కుటుంబం ఉత్తరాన మిలాన్ దగ్గరి సరస్సును, దక్షిణాన నేపుల్స్ దాటాక వచ్చే సముద్రతీరాన్ని రెంటినీ చుట్టబెట్టాలనుకుంటే, మధ్యలో వేగరైలు ప్రయాణానికే నాలుగున్నర గంటలకు పైగా పోతుంది, పెట్టెలు సర్దడానికీ విప్పడానికీ మరో రోజు పోతుంది. అందుకని ఒకదాన్నే ఎంచుకోవాలి. పెద్దవారు వెంట ఉంటే కోమో మేలని నా నమ్మకం. కాళ్ళలో సత్తువ, సముద్రస్నానం మీద మోజు ఉన్నవారికి అమాల్ఫీ తీరం తగినది, అయితే అక్కడికి ఏ నెలలో వెళుతున్నారన్నది చాలా ముఖ్యం.

ముందు దారి సంగతి చూద్దాం. మిలాన్ సెంట్రల్ స్టేషన్‌లో మామూలు ప్రాంతీయ రైలు ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా వరెన్నా అనే చిన్న ఊరికి చేరతాము. సీటు రిజర్వేషన్ అక్కరలేదు, టికెట్టు ధర ఎప్పుడు కొన్నా ఒకటే. స్టేషన్ నుంచి పడవరేవుకు దిగితే, తిరగేసిన ఇంగ్లీషు 'వై' అక్షరంలా పరుచుకున్న సరస్సు నడిబొడ్డున ఉన్నట్లే. అక్కడి నుంచి బెల్లాజియోకు పడవలో పావుగంట, అవతలి గట్టున ఉన్న మెనాజియోకు కూడా దాదాపు అంతే. అమ్మకు మోకాళ్ళ నొప్పి. అయినా ఆ నాలుగు రోజుల్లో ఆమె ఎక్కని పడవ లేదు, ఎందుకంటే అక్కడ పడవే ఊరి బస్సు. కూరగాయల సంచీతో ముసలమ్మలు, సైకిళ్ళతో కుర్రవాళ్ళు, కార్లతో సహా కుటుంబాలు ఎక్కి దిగుతుంటారు. పడవ రేవుకు ఆనగానే ఒక మనిషి లావుపాటి తాడును ఇనుపదిమ్మకు రెండు చుట్లు చుట్టి బిగించి, ఇనుప పలకను గట్టు మీదికి వాల్చి, వయసు మళ్ళినవారు కనిపిస్తే మోచేయి అందించి దింపేవాడు. మూడోనాటికి అమ్మ అతని చేయి కోసం చూడకుండా తనే దిగింది.

అమాల్ఫీ తీరానికి దారి ఇంత తేలిక కాదు. వియెత్రి నుంచి పొసితానో దాకా కొండ అంచును చెక్కి 19వ శతాబ్దంలో వేసిన రోడ్డు ఒక్కటే ఉంది. ఎదురుగా బస్సు వస్తే కార్లు వెనక్కి జరగవలసిన మలుపులు ఎన్నో. వేసవి రద్దీ రోజుల్లో బయటి కార్లను నంబరు సరి బేసి లెక్కన ఒక రోజు విడిచి ఒక రోజు అనుమతిస్తారు. మేము మొదటి రోజు తెలియక బస్సు కోసం ఎండలో నిలబడి, నిండిపోయిన రెండు బస్సులను వదులుకున్నాము. ఆ తరువాత తెలిసిన ఉపాయం ఏమిటంటే, నేపుల్స్ నుంచి రైలులో సలెర్నోకు చేరి, అక్కడి నుంచి పడవలో అమాల్ఫీకి, పొసితానోకు వెళ్ళాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజు పడవలు ఆగిపోతాయన్నది గుర్తుంచుకుంటే, ఇంతకన్నా మంచి దారి లేదు. పైగా కొండ మీద గూళ్ళలా ఒకదాని పైన ఒకటి కట్టిన గులాబి, పసుపు రంగుల ఇళ్ళను చూడవలసింది కూడా నీటి మీది నుంచే.

ఇక మెట్లు. పొసితానోలో మేము దిగిన బసవారు రోడ్డుకు దగ్గరేనని రాశారు, కాని ఆ దగ్గర అన్నది రెండు వందల పైచిలుకు మెట్ల కింద ఉందని రాయలేదు. పెట్టెలు మోయడానికి కూలి మనిషిని మాట్లాడుకోవలసి వచ్చింది. అమ్మను తీసుకురానందుకు ఆ మధ్యాహ్నం నేను ఎంత ఊరట చెందానో చెప్పలేను. అమాల్ఫీ ఊళ్ళో సెయింట్ ఆండ్రూ కెథెడ్రల్‌కు ఎక్కాలన్నా 62 మెట్లు ఉన్నాయి. బస మాట్లాడుకునే ముందు మెట్లు ఎన్ని అని రాతపూర్వకంగా అడిగి తీరాలి.

తీరైన ప్రయాణమంటే తీరైన దుస్తులూ వస్తువులూ కూడా ఉండాలనుకునేవారికి రెండు చోట్లా కొదువ లేదు, కాని వాటి స్వభావం వేరు. పొసితానో వీధుల్లో తెల్లని, నిమ్మపండు రంగు లినెన్ దుస్తులు అంగడి గుమ్మాలకు వేలాడుతుంటాయి. చెప్పులు కుట్టేవారు పాదాన్ని అట్ట మీద పెట్టించి, మనం చూస్తుండగానే తోలు పట్టీలను మన వేళ్ళ వెడల్పుకు సరిచేసి, మేకులు కొట్టి చేతికిస్తారు. మా చెల్లెలు అలా చేయించుకున్న జత ఇప్పటికీ వాడుతోంది. కోమోలో మాత్రం వస్త్రమంటే పట్టు. ముడిపట్టు ఇప్పుడు ఎక్కువగా చైనా నుంచే వస్తున్నా, రంగు అద్దడంలో, అచ్చు వేయడంలో ఆ ఊరి చేయి తిరిగినతనం అలాగే ఉంది, ప్రపంచంలోని పెద్ద పెద్ద ఫ్యాషన్ సంస్థలు ఇక్కడే బట్ట వేయించుకుంటాయి. ఒక దుకాణంలో అమ్మ చేతి రుమాలంత పట్టుగుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి, ధర్మవరం చీర కొనేటప్పుడు చూసినట్లే అంచు తిప్పి చూసి, "నేత పలుచన, అద్దకం మాత్రం అమోఘం" అంది. ఆ మాట నిజమే.

తోటల విషయంలో నా ఓటు సరస్సుకే. త్రెమెజ్జోలోని విల్లా కార్లొత్తా తోటలో ఏప్రిల్, మే నెలల్లో అజేలియా పూలు మనిషెత్తు గోడల్లా విరగబూస్తాయి. లెన్నో దగ్గర నీటిలోకి చొచ్చుకువచ్చిన కొండకొమ్ము మీది విల్లా దెల్ బల్బియనెల్లోను దాని చివరి యజమాని గ్వీదో మొంజీనో 1988లో ఒక వారసత్వ పరిరక్షణ సంస్థకు వదిలి వెళ్ళాడు. 1973లో ఎవరెస్టును ఎక్కిన ఇటాలియన్ బృందానికి నాయకుడు ఆయనే కనుక, ఆ ఇంటి పై అంతస్తులో యాత్రల జ్ఞాపకాలు భద్రపరచి ఉన్నాయి. వరెన్నాలోని విల్లా మొనాస్తెరో తోట నీటి ఒడ్డునే దాదాపు రెండు కిలోమీటర్లు సాగుతుంది. 1954లో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ పాఠాలు చెప్పింది ఆ భవనంలోనే. అమాల్ఫీ తీరంలో వీటికి దీటుగా నిలిచేది కొండ మీది రవెల్లో ఒక్కటే. అక్కడి విల్లా రుఫోలోను 1880లో చూసిన సంగీతకారుడు వాగ్నర్ తన ఒపేరాలోని మాయాతోట ఇదేనని మురిసిపోయాడు. ఆయన స్మృతిగా 1953లో మొదలైన సంగీతోత్సవం నేటికీ వేసవి రాత్రుల్లో సముద్రం పైన వేలాడినట్లుండే వేదిక మీద జరుగుతోంది. ఒక్క రవెల్లో కోసమైనా నేను ఆ తీరానికి మళ్ళీ వెళ్ళగలను.

భోజనం దగ్గర మాత్రం అమాల్ఫీదే పైచేయి, ఇందులో నాకు సందేహమే లేదు. రాతిగోడల మడుల మీద చెస్ట్‌నట్ కర్రల పందిళ్ళ కింద కాసే అక్కడి నిమ్మకాయ కోలగా, అరచేతికి నిండుగా ఉంటుంది. తోట చూపించిన పెద్దాయన ఒక కాయను తొక్కతోనే చక్రాలుగా కోసి, కాస్త ఉప్పు చల్లి మా చేతుల్లో పెట్టాడు. తెల్లని గుజ్జు తియ్యగా, లోపలి రసం మన దబ్బకాయలా పుల్లగా ఉండి, మా మేనల్లుడు మూడు ముక్కలు తిన్నాడు. శాకాహారులకు టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అనే సువాసన ఆకుతో చేసే మరినారా పిజ్జా ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. సరస్సు వైపు రిజొత్తో అనే అన్నపు వంటకాన్ని తరచు మాంసపు రసంతో వండుతారు, పర్మెజాన్ జున్నులో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం కలుస్తుంది. నిష్ఠగల శాకాహారులు ఈ రెండూ ముందే అడగాలి. అమ్మ చాలా పూటలు వెన్న, వెల్లుల్లి వేసిన పొలెంతా అనే మొక్కజొన్న సంకటితో, మేము తీసుకువెళ్ళిన నిమ్మకాయ ఊరగాయతో సరిపెట్టుకుంది. చేపలు తినేవారికి సరస్సులో పట్టి ఎండబెట్టిన 'మిస్సొల్తీని' అనే చేపల రుచి మన ఎండుచేపలను గుర్తుచేస్తుంది.

వాతావరణాన్ని బట్టి చూస్తే లెక్క కొంత మారుతుంది. మే నెలలో సరస్సు దగ్గర వానలు ఎక్కువే, నీరు ఈదడానికి వీలులేనంత చల్లన. అయితే హైదరాబాదు ఎండల్లోంచి వెళ్ళినవారికి ఆ చల్లదనమే వరం, గొడుగు, పలుచని స్వెట్టరు ఉంటే చాలు. అమాల్ఫీ తీరంలో జులై, ఆగస్టు నెలలు వేడికీ, రద్దీకీ, ధరలకూ పతాకస్థాయి. మే లేదా సెప్టెంబరు నెలాఖరు అయితే సముద్రమూ దారులూ రెండూ దక్కుతాయి. బడి సెలవులతో పనిలేనివారు సెప్టెంబరునే ఎంచుకోవాలి, అప్పటికి నీరు వెచ్చగానే ఉంటుంది. ఖర్చు రెండు చోట్లా ఎక్కువే. పొసితానో బదులు మినోరీలోనో సలెర్నోలోనో, బెల్లాజియో బదులు బెల్లానోలోనో దిగితే చాలా భారం తగ్గుతుంది.

సరస్సు దగ్గర మధ్యాహ్నమయ్యేసరికి దక్షిణం నుంచి బ్రేవా అనే గాలి లేస్తుంది. వరెన్నాలో రేవు నుంచి బండరాతి అంచున నీటి మీదుగా వేసిన ఎర్ర ఇనుప కటకటాల నడవాలో అమ్మ రోజూ ఆ వేళకు వచ్చి బల్ల మీద కూర్చుని, చీర కొంగు తల మీదికి లాక్కుని, అవతలి గట్టు నుంచి వచ్చే పడవలను లెక్కపెట్టేది. వచ్చే మే నెలలో పెద్దమ్మను కూడా తీసుకుని మళ్ళీ అక్కడికే వెళుతున్నాము. చెల్లెలి వాళ్ళు మాత్రం సెప్టెంబరులో రవెల్లోకు టికెట్లు చూసుకుంటున్నారు.