రాగి-నికెల్ షీల్డింగ్ గుడ్డ: చెన్నై ఉప్పుగాలిలో వాడి చూశాక

బయటి సిగ్నల్స్ అడ్డురాకుండా బ్లూటూత్, వైఫై పరికరాలు పరీక్షించుకోవడానికి తిరువాన్మియూర్‌లోని మా చిన్న ల్యాబ్‌లో ఒక గుడ్డ డేరా కట్టుకున్నాం. పాలిస్టర్ మీద రాగి, ఆ పైన నికెల్ పూత ఉన్న గుడ్డ. సముద్రం కూతవేటు దూరం. ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం ఇదీ: గుడ్డ మంచిదే, కానీ అసలు పనితనమంతా కుట్టులో ఉంది. అమ్మేవాళ్లు కుట్టు గురించి ఒక్క ముక్క చెప్పరు.

డేటాషీట్ మీద, గుడ్డ సిగ్నల్‌ని ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె 60 డీబీ (డెసిబెల్స్) అని ఉంటుంది. అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతే లోపలికి రావాలి. సాధారణంగా ఇలాంటి అంకె ఏఎస్‌టీఎం డీ4935 అనే ప్రామాణిక పరీక్ష పద్ధతిలో, చిన్న ముక్కను బిగించి తీసినది. ఆ పద్ధతి 30 మెగాహెర్ట్జ్ నుంచి 1.5 గిగాహెర్ట్జ్ వరకే. మన వైఫై మొదలయ్యేదే 2.4 దగ్గర. పైగా ముక్క వేరు, డేరా వేరు. మామూలు కుట్టుతో మా డేరాలో వైఫై సిగ్నల్ 20 డీబీ మాత్రమే పడింది. దాన్నే ప్రకటనల్లో '99 శాతం ఆపుతుంది' అని రాస్తారు. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, పక్క గదిలో ఉన్న రౌటర్‌కి అది లెక్కే కాదు. ఫోన్‌కి అందే సిగ్నల్ బలం మైనస్ 40 డీబీఎం నుంచి మైనస్ 60కి దిగినా ఫోన్ హాయిగా కనెక్ట్ అయిపోతుంది.

కుట్టింది కావలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన టైలర్. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి, "ఏంది సార్ ఇది, గుడ్డా రేకా?" అన్నాడు. సూది రంధ్రాల గురించి చాలామంది కంగారు పడతారు, అనవసరం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, దానికి సూది బెజ్జం కనపడను కూడా కనపడదు. ప్రమాదమల్లా కుట్టుకీ కుట్టుకీ మధ్య గుడ్డ లేచి ఏర్పడే పొడవాటి సందు. సందు వెడల్పు వెంట్రుకంతే ఉన్నా, పొడవు 6 సెంటీమీటర్లు వచ్చిందంటే అది సగం తరంగమంత అయి, యాంటెన్నాలా పనిచేస్తుంది. పొడవును 6 మిల్లీమీటర్లకు తగ్గించినా ఆ ఒక్క సందు దగ్గర దక్కేది 20 డీబీయే. అందుకే అంచులు రెండు మడతలు వేయించి, దగ్గర దగ్గరగా కుట్టించి, పైన కండక్టివ్ జిగురున్న టేప్ అంటించాం. మామూలు రాగి టేప్ వద్దు, చాలా వాటి జిగురులోంచి కరెంటు పారదు. తలుపుకి జిప్ పనికిరాదు. మిక్చర్ పొట్లం మూతి మడిచినట్టు చుట్టచుట్టి క్లిప్పులు పెడతాం. ఇదంతా అయ్యాక 45 డీబీ దాకా వచ్చింది.

ఇంత చేసినా, లోపలికి ఒక్క యూఎస్‌బీ తీగ పోనిస్తే సగం శ్రమ వృథా. బయటి సిగ్నల్‌ని ఆ తీగే మోసుకొచ్చి లోపల వదులుతుంది. మేం పవర్ బ్యాంక్ లోపలే పెట్టేస్తాం. నెట్‌వర్క్ కావాలంటే లోహం లేని ఆప్టికల్ ఫైబర్. కరెంటు లైన్ తప్పదంటే ఫిల్టర్ పెట్టాలి, దాని ఖర్చు వేరు.

ఇక ఉప్పుగాలి. నికెల్ పొర రాగిని బాగానే కాపాడుతుంది, మడతలు పడనంత వరకే. తలుపు దగ్గర రోజూ మడిచే చోట పూత చిట్లింది, రాగి బయటపడింది, ఆకుపచ్చ మరక కట్టింది. కొత్తలో మల్టీమీటర్ పెడితే ప్రోబ్ తీగల రెసిస్టెన్సే తప్ప ఏమీ చూపించేది కాదు. ఇప్పుడు ఆ మడతకి అటూ ఇటూ పెడితే పదుల ఓములు. కదలని గోడల వైపు మాత్రం ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. బెంగళూరులో ఉన్నవాళ్లకి ఈ బాధ ఇంత ఉండకపోవచ్చు. తడిగుడ్డతో తుడవడం, ఉతకడం రెండూ వద్దు.

వెండి పూత నైలాన్ మెత్తగా ఉంటుంది, మడతలకి ఇంకాస్త ఓర్చుకుంటుంది, కానీ ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. గాలిలోని గంధకానికి నల్లబడుతుంది కూడా. ఒంటికి తగిలే పనైతే నాకు తెలిసి అదే నయం. నికెల్ కొందరికి పడదు, దురద పెడుతుంది.

వేళచ్చేరిలో మా పిన్ని ఇంటి ఎదురు మేడ మీద టవర్ ఉంది. ఈ గుడ్డతో మంచానికి తెర కుట్టించమని ఆమె పోరు. "పిన్నీ, ఫోన్ పక్కలో పెట్టుకుని తెర దించేస్తే, టవర్ అందక అది ఇంకా పవర్ పెంచుకుంటుంది" అని చెప్పాను. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు. ఆ పైన గర్భిణులకి ఏప్రన్లు, పసిపిల్లలకి టోపీలు అంటూ భయం చూపించి అమ్మేవి నాకు నచ్చవు. ముందువైపే గుడ్డ ఉండి మిగతా అంతా తెరిచి ఉన్న ఏప్రన్‌కి డేటాషీట్ మీది డీబీలు ఎక్కడినుంచి వస్తాయి? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్నైతే ఇంత పల్చటి పూత ఏమీ చేయలేదు.

మిగిలిన ముక్కతో, జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునే రకం కారు తాళానికి, దాని సిగ్నల్‌ని దొంగలు వాడుకోకుండా సంచీ కుట్టించాను, అది మాత్రం భేష్. కారు 125 కిలోహెర్ట్జ్‌లో పిలిచే పిలుపుని గుడ్డ పెద్దగా ఆపకపోయినా, తాళం 433 మెగాహెర్ట్జ్‌లో ఇచ్చే జవాబు బయటికి రాదు. ల్యాబ్ డేరాకి ఈసారి తలుపు పట్టీ ఒక్కటే వెండి గుడ్డతో మార్పిస్తున్నాను, గోడలు ఉన్నవే ఉంటాయి. సర్టిఫికెట్ కోసం కొలవాలంటే మాత్రం ఇలాంటి డేరా చాలదు, తరమణిలోని సమీర్ (SAMEER) అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ కేంద్రం లాంటి చోటికి వెళ్లాల్సిందే.