పీహెచ్‌డీ రాతలో తోటి విద్యార్థుల సాయం: ప్రపోజల్ నుంచి డిఫెన్స్ దాకా వాడి చూశాక

అమెరికాలో పీహెచ్‌డీ చేసే మనవాళ్ళలో చాలామంది, రైటింగ్ సెంటర్ (విద్యార్థుల రాతకి సాయం చేసే యూనివర్సిటీ కేంద్రం) ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్ళ కోసమని అనుకుని అటువైపే వెళ్ళరు. నేను వెళ్ళినప్పుడల్లా పక్క టేబుళ్ళ దగ్గర అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా కనిపించేవారు. ప్రపోజల్ (పరిశోధన ప్రతిపాదన) నుంచి డిఫెన్స్ (థీసిస్‌ని కమిటీ ముందు సమర్థించుకోవడం) దాకా ఆ సాయం తీసుకున్నాను కనక కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ. అక్కడ కన్సల్టెంట్ అంటే ప్రొఫెసర్ కాదు, మనలాగే పీహెచ్‌డీ చేస్తూ ఈ పనికి శిక్షణ తీసుకున్న విద్యార్థి. అపాయింట్‌మెంట్ గంటలోపు, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. డ్రాఫ్ట్‌లో నాలుగైదు పేజీలు మనచేత పైకి చదివిస్తారు. తప్పులు దిద్దిపెట్టరు, ఆ ఆశతో వెళ్తే నిరాశే. వింటూ తమకు ఎక్కడ అర్థం కాలేదో, ఎందుకు కాలేదో చెప్తారు. దీని విలువంతా అక్కడే ఉంది.

నా పరిశోధన భూగర్భ జలాల్లో నైట్రేట్ మీద. తాగునీటిలో దాని పరిమితి అమెరికాలో లీటరుకు 10 మిల్లీగ్రాములు, భారత్‌లో 45 అని మొదటి చాప్టర్‌లో ఉంది. ల్యాబ్‌లో అందరూ చదివారు, ఎవరూ ఏమీ అనలేదు. చరిత్ర విభాగం కన్సల్టెంట్ మాత్రం అక్కడ ఆపి, "మీ దేశంలో నాలుగు రెట్లు ఎక్కువున్నా పర్వాలేదా?" అని అడిగింది. అమెరికా లెక్క నైట్రేట్‌లోని నైట్రోజన్ వరకే, మన లెక్క మొత్తం నైట్రేట్‌ది. మార్చి చూస్తే రెండూ దాదాపు ఒకటే. మా రంగంలో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరికీ అడ్డు తగల్లేదు. అడ్వైజర్ (గైడ్) ఎంత మంచివారైనా అలాంటి ప్రశ్న వేయలేరు, ఆయనకి జవాబు ముందే తెలుసు.

ఇంకో పద్ధతి కూడా అక్కడే అలవాటైంది. రాసిన ప్రతి పేరా పక్కన అది చెప్పేదేమిటో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఆ వాక్యాలు వరసగా చదివితే లిటరేచర్ రివ్యూ (పాత పరిశోధనల సమీక్ష) ఎక్కడ నిలిచిపోయిందో ఇట్టే తెలుస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. కన్సల్టెంట్లు చదువు పూర్తయి వెళ్ళిపోతుంటారు, కొత్తవాళ్ళకి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. స్టాటిస్టిక్స్ సరైనదా కాదా వాళ్ళు తేల్చలేరు, అది అడ్వైజర్ పని. సెమిస్టర్ చివర ఖాళీలు దొరకడం కష్టం.

వారానికోసారి కూర్చుని మాట్లాడకుండా రాసుకునే గ్రూప్ కూడా ఉండేది. పేజీలు పెరగడానికి అది చాలు.

మన యూనివర్సిటీల్లో థీసిస్ అనగానే సిమిలారిటీ శాతం (వేరేవాళ్ళ రాతలతో ఎంత కలిసిందో చెప్పే లెక్క) గుర్తొస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా చర్య ఉండదు. ఆ లెక్కలో నెగ్గిన చాప్టర్ చదివేవాళ్ళకి అర్థమైందా అన్నది ఎవరు చూస్తారు? సెంటర్ లేకపోయినా హాస్టల్లో వేరే విభాగం స్నేహితులు ఉంటారు. పర్‌డ్యూ యూనివర్సిటీ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్‌లో రాతకి సంబంధించిన పాఠాలు ఎవరికైనా ఉచితం. పరస్పరం చాప్టర్లు మార్చుకుని చదివేటప్పుడు స్పెల్లింగులు వదిలేయండి, అర్థం కాని చోట గీత పెట్టమని అడగండి.