కార్డులు వదిలేసి పాత స్కోర్‌కార్డుల మీద పడ్డాక: బేస్‌బాల్ సామాను గురించి నా సమీక్ష

న్యూజెర్సీలో ఉంటూ పాత బేస్‌బాల్ సామాను పోగేస్తాను అంటే అందరూ ఆటగాళ్ల బొమ్మలుండే కార్డులే అనుకుంటారు. ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి, గ్రేడు నంబరు అంటించిన ఆ కార్డుల మీద మోజు నాకు ఎప్పుడో పోయింది. ఎస్టేట్ సేల్స్‌లోనూ (ఇంట్లో సామానంతా అమ్మేసే అమ్మకాలు) వారాంతపు సంతల్లోనూ దొరికే మిగతా సరుకు చాలా ఏళ్లుగా కొంటున్నా. అందులో మళ్లీ మళ్లీ కొనేది మాత్రం ఒక్కటే, ఎవరో పెన్సిల్‌తో ఆట మొత్తం రాసిపెట్టుకున్న స్కోర్‌కార్డు.

మన గల్లీ క్రికెట్‌లో నోటుబుక్కు వెనక పేజీలో స్కోరు రాసేవాడు ఒకడుండేవాడు కదా, ఇక్కడ అలాంటివాళ్లు స్టేడియం నిండా ఉండేవాళ్లు. పిచ్చర్ (బంతి విసిరేవాడు) 1, క్యాచర్ (మన వికెట్ కీపర్‌లాంటివాడు) 2, ఇలా ఒక్కో ఫీల్డరుకి ఒక నంబరు. గడిలో 6-4-3 అని కనిపిస్తే షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డరు, నంబరు 6) బంతి అందుకుని సెకండ్ బేస్ దగ్గరున్న 4కి, అక్కడినుంచి ఫస్ట్ బేస్ దగ్గరున్న 3కి పంపి ఇద్దర్ని అవుట్ చేశారని అర్థం. ఇది చదవడం అలవాటైతే డెబ్బై ఏళ్ల కిందటి మధ్యాహ్నం ఆట కూర్చుని చూడొచ్చు, అదీ మామూలు కార్డయితే 20, 30 డాలర్లకి.

తమాషా ఏంటంటే, రాసినవాటి కంటే ఖాళీగా ఉన్నవాటికే చాలామంది ఎక్కువ ఇస్తారు. నాకిది అస్సలు అర్థం కాదు. ఈ కార్డుల మీద చాలాసార్లు తేదీ ఉండదు, ఆ పెన్సిల్ రాతే తేదీ చెప్తుంది. న్యూయార్క్ జెయింట్స్ జట్టు సొంత మైదానం పోలో గ్రౌండ్స్ కార్డే తీసుకోండి. వాళ్ల ఆటగాడు విల్లీ మేస్ ఆడాడంటే 1951 మే చివరి వారం లేదా ఆ తర్వాతిదే, 1953ది మాత్రం కాదు, ఎందుకంటే ఆ ఏడంతా అతను సైన్యంలో ఉన్నాడు, 1957 తర్వాతదీ కాదు, అప్పటికి జట్టే శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్లిపోయింది. ఆపైన పరుగులు, పిచ్చర్లు చూసుకుని రెట్రోషీట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పాత బాక్స్ స్కోర్లతో (ఆట వివరాల పట్టికలతో) పోల్చుకుంటే రోజు తేలిపోతుంది. ఎవడి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

సంతకాల బంతుల దగ్గర ఇంత సుఖం లేదు, నేనైతే వాటి జోలికే పోను. 1990ల్లో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో దొంగ సంతకాల ముఠాని పట్టుకుంటే మదర్ థెరిసా సంతకమున్న బేస్‌బాల్‌లు కూడా బయటపడ్డాయి, ఇంకేం చెప్పాలి! అయినా కొంటానంటే కనీసం బంతి మీద అచ్చేసి ఉండే లీగ్ అధ్యక్షుడి పేరు చూడండి. జో క్రోనిన్ పేరు ఉండి దానిపై పాతకాలపు మహా ఆటగాడు బేబ్ రూత్ సంతకం ఉంటే దండం పెట్టి వచ్చేయండి. క్రోనిన్ అమెరికన్ లీగ్ అధ్యక్షుడైంది 1959లో, రూత్ పోయింది 1948లో.

పిన్నులు (చొక్కాకి పెట్టుకునే బిళ్లలు) బాగుంటాయి, చోటు తినవు. 1910-12లో స్వీట్ కాపోరల్ సిగరెట్లతో ఇచ్చిన చిన్న సెల్యులాయిడ్ పిన్నులు నాకు ఇష్టం, మా పక్కనే నెవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ చేసినవి. సీజన్ చివరి ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌కి విలేకరులకిచ్చే ప్రెస్ పిన్నులు 1911 నుంచీ ఉన్నాయి. వాటిలో సిరీస్‌కి చేరతామన్న ధీమాతో ముందే చేయించేసి, తీరా చేరలేకపోయిన జట్లవి ఉంటాయి చూశారూ, ఫాంటమ్ అంటారు, 1964 ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌ది అలాంటిదే. ఆ ఏడు 12 ఆటలే మిగిలుండగా ఆరున్నర ఆటల ఆధిక్యం పోగొట్టుకున్నారు పాపం.

ఫెల్ట్ పెనెంట్లు (జట్టు పేరుండే మూడుమూలల జెండాలు) గోడకి అందమే గానీ ఉన్నివాటికి చిమ్మెటలు పడతాయి, ఎండ తగిలితే రంగు దిగిపోతుంది. వాటికి నేను సగం మార్కులే ఇస్తా.

కాగితం దాచడం మాత్రం సీరియస్‌గా తీసుకోవాలి. ఇక్కడి బేస్‌మెంట్లలో తేమ, అటకల్లో వేడి, రెండూ పనికిరావు. మైలార్ కవరు (పారదర్శకమైన ప్లాస్టిక్‌ది), వెనక యాసిడ్ లేని అట్ట, పడగ్గది అల్మారా చాలు. 1940ల ముందుదని అమ్మే కాగితం అల్ట్రావయొలెట్ టార్చి కింద నీలంగా మెరిస్తే అది తర్వాతి కాలపు కాగితమే, బేరం కూడా ఆడకండి. లామినేషన్ చేయించినవి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.