"నాకు లెక్కలు రావు" అన్న మాటతో ఏడేళ్ళు: ఎన్‌ఎల్‌పీ వాడిన అనుభవం

2018 వేసవి సెలవుల్లో విజయవాడలో రెండు రోజుల ఎన్‌ఎల్‌పీ వర్క్‌షాప్‌కి వెళ్ళాను. ఫీజు 6,500 రూపాయలు. మరుసటి ఏడాది అక్కడే ఏడు రోజుల ప్రాక్టీషనర్ కోర్సు కూడా చేశాను, దానికి 38,000 అయింది. నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పిల్లల ముందు రోజంతా మాట్లాడగలను. పెద్దవాళ్ళ ముందు నిలబడితే మాత్రం గొంతు పట్టేసేది. చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో నా వంతు ఉందంటే ముందురోజు రాత్రి నిద్ర ఉండేది కాదు. ఆ టెన్షన్ పోతుందేమోనని వెళ్ళాను. ఇప్పటికి ఏడేళ్ళు వాడాను కాబట్టి, ఏది నిలబడిందో ఏది నిలబడలేదో చెప్పగలననుకుంటున్నాను.

ఎన్‌ఎల్‌పీ అంటే న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. మాటల ద్వారా, ఊహల ద్వారా మన ఆలోచననీ నడవడికనీ మార్చుకోవచ్చని చెప్పే పద్ధతులివి. 1970ల్లో శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బ్యాండ్లర్ అనే విద్యార్థి, జాన్ గ్రిండర్ అనే భాషాశాస్త్ర అధ్యాపకుడు కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఫ్రిట్జ్ పెర్ల్స్, వర్జీనియా సటీర్, మిల్టన్ ఎరిక్సన్ అనే ముగ్గురు పేరున్న థెరపిస్టులు మనుషులతో ఎలా మాట్లాడుతున్నారో, ఏమేం అడుగుతున్నారో గమనించి పద్ధతులుగా రాసుకున్నారు. పేరులో న్యూరో ఉంది గానీ ఇది మెదడు మీద పరిశోధనల్లోంచి పుట్టింది కాదు. ఈ ముక్క కోర్సు మొదటి రోజే చెప్పి ఉంటే నేను చేసిన ఒక తప్పు చేసేదాన్ని కాదు. దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు ధైర్యం సంగతి. వర్క్‌షాప్‌లో అందరికీ నచ్చేది యాంకరింగ్. మనం నిబ్బరంగా ఉన్న ఒక సందర్భాన్ని కళ్ళు మూసుకుని మళ్ళీ పూర్తిగా గుర్తుచేసుకోవాలి. ఆ భావం బలంగా ఉన్నప్పుడు బొటనవేలినీ ఉంగరపు వేలినీ కలిపి నొక్కాలి. అలా చాలాసార్లు చేస్తే, తర్వాత వేళ్ళు నొక్కగానే ఆ భావం వస్తుందని చెప్తారు. నాకు ఎంత వెతికినా అలాంటి సందర్భం దొరకలేదు. చివరికి 2016 కృష్ణా పుష్కరాలు గుర్తొచ్చాయి. ఘాట్ దగ్గర డ్యూటీలో ఉండగా నాలుగేళ్ళ పాప తప్పిపోయి నా చీర కొంగు పట్టుకుని ఏడుస్తోంది. అనౌన్స్‌మెంట్ చేసే అబ్బాయి అక్కడ లేడు. నేనే మైకు తీసుకుని పాప గౌను రంగు, చేతి గాజులు, ఏ ఘాట్ దగ్గర ఉన్నామో గట్టిగా చెప్పేశాను. అయిదు నిమిషాల్లో వాళ్ళమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. అంత జనంలో మైకులో మాట్లాడానన్న సంగతే ఆ రెండేళ్ళూ నాకు తట్టలేదు. నాకు గొంతు లేదనుకుంటూ బతికాను, గొంతు ఉంది.

వర్క్‌షాప్ అయ్యాక, 2018 జూలై మీటింగ్‌లో వేళ్ళు నొక్కి పట్టుకునే మాట్లాడాను. గొంతు వణకలేదు. నాలుగైదు నెలల తర్వాత ఒకసారి నొక్కితే ఏమీ రాలేదు, గుండె దడదడలాడుతూనే ఉంది. అయినా అప్పటికి ఆరేడుసార్లు మాట్లాడి ఉన్నాను కాబట్టి ఆ దడతోనే మాట్లాడేశాను. నన్ను మార్చింది పదేపదే నిలబడి మాట్లాడటమే. మొదటి నాలుగుసార్లు లేచి నిలబడటానికి ఆ వేళ్ళు సాయం చేశాయి. నాకు అది చిన్న సంగతి కాదు, అందుకే యాంకరింగ్‌ని తీసిపారేయలేను.

ఏడేళ్ళ తర్వాత కూడా రోజూ వాడుతున్నది మాత్రం వేరే ఉంది. దాన్ని మెటా మోడల్ అంటారు. గ్రిండర్ భాషాశాస్త్రం చదివినవాడు కదా, ఆ చదువంతా ఇందులోకి వచ్చింది. మనిషి మాట్లాడేటప్పుడు కొంత వదిలేస్తాడు, కొంత అన్నిటికీ అంటగడతాడు. వదిలేసినదాన్ని అడిగి బయటికి తీయాలి. ఎవరు? ఏది? ఎప్పుడూనా? ఎలా తెలుసు? అడగాల్సినవి ఇంత చిన్న ప్రశ్నలే.

మన తెలుగులో ఇది మరీ అవసరమని నాకు అనిపిస్తుంది. "నలుగురూ ఏమనుకుంటారు" అంటాం, ఆ నలుగురూ ఎవరో చెప్పం. "అంటున్నారు" అంటాం, అన్నదెవరో చెప్పనక్కర్లేకుండా వాక్యం పూర్తయిపోతుంది. "నాకు లెక్కలు రావు" అన్నప్పుడైతే రావాల్సిన పని లెక్కలది, మనం ఊరికే కూర్చుని ఉన్నట్టు ఉంటుంది.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి సరిగ్గా ఆ మాటే అంది. ఇదివరకైతే "ఎందుకు రావు, ప్రాక్టీస్ చేస్తే వస్తాయి" అనేదాన్ని. ఆరోజు పక్కన కూర్చుని అడిగాను.

"ఏ లెక్కలు రావమ్మా?"

"అన్నీ మేడం."

"కూడికలు కూడానా?"

"అవొస్తాయి."

"సమీకరణాలు?"

"కొన్నొస్తాయి. బ్రాకెట్ ఉంటే రావు."

"బ్రాకెట్ ఉన్నవన్నీనా?"

కాసేపు ఆలోచించి నోట్సు తిరగేసింది. "ముందు మైనస్ ఉంటే తప్పు పోతోంది మేడం."

12 − (5 − 3) వేసి చూపించమన్నాను. బ్రాకెట్ తీసేసి 12 − 5 − 3 అని రాసి, 4 అంది. రెండేళ్ళుగా ఆ పిల్ల మోస్తున్నది ఈ ఒక్క గుర్తు మార్పే. పన్నెండు రూపాయలతో కొట్టుకెళ్ళి, అయిదు రూపాయల వస్తువు మీద మూడు తగ్గిస్తే చేతిలో ఎంత మిగులుతుందని అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టి పది అంది. తర్వాత తన 4 వైపు చూసి తనే కొట్టేసింది. ఆ మొహం నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

ఇంట్లో మూడు కుర్చీలు వేసుకుని చేసే అభ్యాసం కూడా బాగా పనికొచ్చింది. ఒకదాంట్లో మనం, ఒకదాంట్లో అవతలి మనిషి, మూడోదాంట్లో బయటినుంచి చూసేవాళ్ళుగా కూర్చుని ఆ గొడవను ఆలోచించాలి. పదో తరగతి తర్వాత కూతుర్ని చదువు మాన్పిస్తానన్న ఒక తండ్రితో మాట్లాడే ముందు చేశాను. ఆయన కుర్చీలో కూర్చుంటే, సాయంత్రం చీకటిపడ్డాక బస్సు దిగి ఊళ్ళోకి నడిచొచ్చే పిల్ల కనిపించింది. మర్నాడు చదువు గొప్పతనం జోలికి పోకుండా బస్సు గురించే అడిగాను. ఆయన భయం అదే. హాస్టల్ ఉన్న కాలేజీ చూశాం, అమ్మాయి చేరింది.

ఇక నా తప్పు. కోర్సులో పిల్లలు చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు అని మూడు రకాలని చెప్పారు. నేను నమ్మి ఏడో తరగతిని మూడు గుంపులు చేశాను. రెండు నెలలకి ఒక అబ్బాయి, "నేను విజువల్ కదా మేడం, మీరు నోటితో చెప్తే నాకెక్కదు" అని పుస్తకం మూసేశాడు. వాడికి ఆ గోడ కట్టింది నేనే. హెరాల్డ్ పాష్లర్, మరికొందరు మనస్తత్వవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను చూసి, అలా విడదీసి చెప్పడం వల్ల మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే రాశారు. నేను కోర్సు చేయడానికి పదకొండేళ్ళ ముందు! ఇప్పుడు ప్రతి పాఠానికీ బొమ్మ, మాట, చేత్తో చేసే పని మూడూ అందరికీ ఉంటాయి.

కళ్ళు ఎటు తిరిగితే అబద్ధమో చెప్పే పాఠం కూడా వదిలేయండి. 2012లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం పరీక్షించి చూస్తే అది నిలబడలేదు. కాపీ కొట్టావా అని అడిగితే పైకి చూసిన పిల్లవాణ్ణి అనుమానించే హక్కు ఏ టీచరుకీ లేదు.

అన్నిటికంటే బాధపెట్టింది ఇంకొకటి. నాతో కోర్సు చేసిన ఒకావిడకి పానిక్ అటాక్స్ ఉండేవి. భయాలు పది నిమిషాల్లో పోతాయని అక్కడ చెప్పిన మాట నమ్మి, డాక్టరుని అడక్కుండా మందులు ఆపేశారు. నెలన్నర నరకం చూసి మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఎన్‌ఎల్‌పీ సర్టిఫికెట్‌తో ఆ అర్హత రాదు. దయచేసి మందుల విషయంలో డాక్టరు మాటే వినండి.

మాట్లాడటానికి భయపడే టీచర్లకి, సేల్స్‌లో ఉన్నవాళ్ళకి, ఇంటర్వ్యూలకి వెళ్ళే పిల్లలకి రెండు రోజుల వర్క్‌షాప్ చాలు. అందులోనే యాంకరింగ్, ప్రశ్నలు, కుర్చీలు అన్నీ వస్తాయి. 38,000 పెట్టిన కోర్సులో నాకు అదనంగా దొరికింది అభ్యాసం చేయడానికి తోడు మాత్రమే. నాతో చేసిన వాళ్ళలో ఇద్దరం ఇప్పటికీ ఆదివారం సాయంత్రం ఫోన్ చేసుకుంటాం. వారంలో ఎవరైనా "నా వల్ల కాదు" అంటే మనం ఏం అడిగాం, వాళ్ళేం చెప్పారు అని ఒకరికొకరం చెప్పుకుంటాం.