మిర్చి యార్డుకు సరుకు: ట్రాక్టరు ట్రక్కా, పికప్పా?

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలేటప్పుడు కిరాయి ఎంతన్నదే మనవాళ్లు మొదట అడుగుతారు గానీ, బండి బ్రేకు ఎంత బరువును ఆపగలదన్నది అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న. టిక్కీ, అంటే మిర్చి బస్తా, 45 కిలోలనుకుంటే 30 టిక్కీలు 1,350 కిలోలవుతాయి; ఒకటిన్నర టన్నులు మోయగల పికప్పు దీన్ని తన చట్రం మీదే మోస్తుంది, నాలుగు చక్రాలకూ బ్రేకులుంటాయి, 16వ నంబరు జాతీయ రహదారి వేగానికీ సరిపోతుంది.

సరుకు 60 టిక్కీలు దాటితే ట్రాక్టరు ట్రక్కుదే పైచేయి. డొంకదారి బురదలోనూ అదే నడుస్తుంది. అయితే ట్రక్కుకు సొంత బ్రేకు లేనప్పుడు, ట్రాక్టరు ఆగబోయినా వెనకున్న రెండు మూడు టన్నులు దాన్ని ముందుకు నెడతాయి. రెండు చక్రాల ట్రక్కులో బరువు ఇరుసుకు వెనక పడితే ట్రాక్టరుకు తగిలించే కొక్కెం దగ్గర ట్రక్కు పైకి లేవబోతుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది, ట్రక్కు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఇరుసుకు ముందువైపు కాస్త ఎక్కువ బరువు పడేలా టిక్కీలు పేర్చాలి. బయలుదేరే ముందు నేనైతే వంగి, కొక్కెం పిన్నుకు అడుగున క్లిప్పు ఉందో లేదో వేలితో తడిమి చూస్తాను. క్లిప్పుకు బదులు తుప్పుపట్టిన తీగ చుట్టి ఉంటే బండిని కదలనివ్వను.

రాత్రి ప్రయాణమైతే, వెనక లైటు గానీ ఎర్ర రిఫ్లెక్టరు గానీ లేని ట్రక్కు కంటే పికప్పును రెండు విడతలు తిప్పడమే మేలు, కిరాయి ఎక్కువైనా సరే.