ఘాట్ మలుపుల్లో టక్‌మన్న ముందు బ్రేక్: దారి, బసలు, మెకానిక్కులు

హైవే మీద బండి జబ్బులు బయటపడవు. బ్రేక్ వేసే అవసరమే తక్కువ, వేసినా హెల్మెట్‌లో గాలి హోరు అన్నిటినీ మింగేస్తుంది. మా ప్రయాణంలో ఆ భాగం హాయిగా సాగిపోయింది, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. బండి అసలు సంగతి ఘాట్ రోడ్డు చెప్పింది. ప్రతి మలుపు ముందూ ముందు బ్రేక్ లివర్ మీద వేళ్ళు పడగానే హ్యాండిల్ కింద ఎక్కడో ఒక్కసారి ‘టక్’మనేది. బ్రేక్ పట్టి ఉంచితే మళ్ళీ రాదు. వదిలి, కాస్త దూరం పోయి మళ్ళీ పడితే మళ్ళీ ఒక్కటే.

ఇలాంటి శబ్దం వినగానే మొదట చూడాల్సింది అది ఏమిటని కాదు, బండి ఇంకా నడపదగ్గ స్థితిలో ఉందా లేదా అని. మలుపు దగ్గర వెడల్పైన చోటు చూసి ఆపేశాం. ముందు యాక్సిల్ నట్, క్యాలిపర్‌ను (ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కి పట్టే బ్రేక్ భాగం) ఫోర్క్‌కు (ముందు చక్రాన్ని పట్టే జంట కాళ్ళు) పట్టి ఉంచే రెండు బోల్టులు, చక్రం పక్కలకు ఊగుతోందా లేదా: ఈ మూడూ చూశాకే మళ్ళీ ఎక్కాం. వీటిలో ఏ ఒక్కటి వదులుగా ఉన్నా అక్కడి నుంచి బండి కదపకూడదు, వాహనంలో ఎక్కించి తీసుకెళ్ళాల్సిందే. మాకు అన్నీ బిగుతుగానే ఉన్నాయి. లివర్ కూడా గట్టిగా ఉంది, స్పాంజిలా లోపలికి పోవడం లేదు. వేగాన్ని బట్టి లివర్ వేళ్ళ కింద కొట్టుకున్నట్టు అనిపిస్తే అది డిస్క్ వంకర వల్ల వచ్చే అదురు, ఈ టక్కు దారి వేరు. జారుడు నేల మీద గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లివర్‌ను తన్నడం అసలు లోపమే కాదు.

ఘాట్ మొదట్లో ఉన్న రోడ్డు పక్క మెకానిక్ దగ్గరికి వెనక్కి వెళ్ళాం. మనిషి మంచివాడు, చెయ్యి చురుకు, పనిముట్లు శుభ్రంగా ఉన్నాయి. ముందు బ్రేక్ పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ రెండుసార్లు ఊపాడు. టక్‌మంది. ‘కోన్‌సెట్ లూజన్నా, వేరే ఏం లేదు’ అని తేల్చేశాడు. కోన్‌సెట్ అంటే హ్యాండిల్ తిరిగే మెడలోని బేరింగుల జత. పెద్ద నట్ వదులు చేసి, కింది రింగు నట్‌ను కొక్కెం స్పానర్‌తో గట్టిగా తిప్పి, మళ్ళీ బిగించి పంపించాడు. ముందు చక్రం పైకి లేపి చూడలేదు. అక్కడే తేడా వచ్చింది.

కోన్‌సెట్ వదులైతే టక్కు వచ్చే మాట నిజమే. హ్యాండిల్ మెడలో పైనా కిందా ఉన్న బేరింగులు అరిగితే, బ్రేక్ పడ్డప్పుడు చక్రం వెనక్కి నెట్టే బలానికి ఆ మెడ కాస్త కదిలి కొట్టుకుంటుంది. కానీ బ్రేక్ పట్టి ఊపే పరీక్షలో కదిలేది మెడ ఒక్కటే కాదు. ఫోర్క్ లోపలి బుష్‌లు (గొట్టాలు జారే చోట ఉండే రింగులు) అరిగినా, క్యాలిపర్‌లో ప్యాడ్లకు ప్లే (వదులు కదలిక) ఉన్నా, క్యాలిపర్ జారే పిన్నులు అరిగినా, ఫ్లోటింగ్ డిస్క్‌కు (మధ్య భాగానికి రివెట్లతో కాస్త కదిలేలా కూర్చిన డిస్క్) రివెట్ల దగ్గర వదులు ఎక్కువైనా అదే ఊపుకు అలాంటి చప్పుడే వస్తుంది. డ్రమ్ బ్రేక్ బండైతే, బ్రేక్ ప్లేటు తిరక్కుండా ఫోర్క్ కాలు దగ్గర పట్టి ఉంచే గాడి అరిగినా అంతే. ఇనుము గుండా పాకే శబ్దం చెవిని మోసం చేస్తుంది. పుట్టేది చక్రం దగ్గరైనా వినపడేది ట్యాంకు కింద.

తిరిగి ఘాట్ ఎక్కుతుంటే తేడా తెలిసిపోయింది. శబ్దం ఎప్పటిలాగే ఉంది, పైగా హ్యాండిల్ బిగిసింది. నిదానంగా మలుపు తిరిగేటప్పుడు బండి తనంతట తాను సర్దుకోదు, ఒక పక్కకు ఒరుగుతూ పోతుంటే ప్రతిసారీ నేనే దిద్దాలి. కోన్‌సెట్ అతిగా బిగిస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒంపుల దారిలో ఇది టక్కు కంటే ఎక్కువ ప్రమాదం, అందుకే పైకి చేరేదాకా వేగం బాగా తగ్గించాం.

కొండ మీద మొదట దిగిన లాడ్జి గది బాగుంది, పడక బాగుంది, కిటికీలోంచి లోయ కనిపిస్తుంది. బండి పెట్టే చోటు మాత్రం వాలుగా ఉన్న కంకర నేల, దీపం లేదు. సెంటర్ స్టాండ్ వేస్తే కూరుకుపోతుంది. బండి మీద వెళ్ళేవాళ్ళకు ఆ లాడ్జి నేను చెప్పను. మర్నాడు మారిన బస గదుల పరంగా సాదాసీదా. కానీ వెనక రేకుల షెడ్డు, చదునైన సిమెంటు నేల, వెలుతురున్న బల్బు, మూడు వైపులా గోడ ఉన్నాయి. కాపలా చూసే పెద్దాయన బండి విప్పుకోవచ్చా అని అడగ్గానే పాత గోనెసంచి తెచ్చి కింద పరిచాడు. నాకు లోయ కన్నా ఆ షెడ్డే నచ్చింది.

అక్కడ తీరిగ్గా చూశాం. నేను బ్రేక్ పట్టి ఊపుతుంటే, వెనక బండి మీద వస్తున్న స్నేహితుడు కింది టీ (ఫోర్క్ కాళ్ళను కింద కలిపే అడ్డపట్టీ), ఫ్రేమ్ కలిసే సందులో వేలు పెట్టి పట్టుకున్నాడు. అక్కడ వదులుంటే రెండు లోహాలు ఒకదాన్నొకటి తట్టడం వేలికి స్పష్టంగా తగులుతుంది. తగల్లేదు. ఫోర్క్ పై గొట్టం, కింది గొట్టం కలిసేచోట పట్టుకున్నా ఏమీ లేదు. క్యాలిపర్ మీద చెయ్యి వేయగానే, ‘ఒరేయ్, పైన కాదు, ఇక్కడే కొడుతోంది’ అన్నాడు.

అయినా ఒక్క పరీక్షను నమ్మి ఊరుకోలేదు. ముందు చక్రాన్ని గోడకు ఆనించి, బ్రేక్ పట్టకుండా, బండిని గోడకేసి నెట్టి వదిలాం. ఇప్పుడు మెడ మీదా ఫోర్క్ మీదా బలం పడుతుంది, క్యాలిపర్ మీద మాత్రం పడదు. చప్పుడు లేదు. నా లెక్కలో ఆ రోజు అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే. దీనికి కావాల్సింది చదునైన నేల, గట్టి గోడ, అంతే. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, వెనక బరువు ఆనించి, ముందు చక్రాన్ని గాల్లోకి లేపాం. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బేరింగుల్లో ప్లే లేదు. హ్యాండిల్‌ను మధ్య నుంచి కాస్త తట్టి వదిలితే, కేబుళ్ళు అడ్డుపడనంత వరకు, అది తన బరువుకే ఓ పక్కకు పడిపోవాలి. మాది ఉన్నచోటే నిలబడిపోయింది. అంటే రోడ్డు పక్కన జరిగిన బిగింపు నిజంగానే ఎక్కువైంది.

కొండకు అవతలి పట్నంలో పెద్ద సర్వీసు సెంటర్ ఉంది. కూర్చోవడానికి ఏసీ గది, అన్నీ కంప్యూటర్‌లో. బండిని ఎవరూ నడిపి చూడలేదు. ఫోర్కులు విప్పి, సీళ్ళూ బుష్‌లూ మార్చి, ఆయిల్ పొయ్యాలని కాగితం రాసిచ్చారు. ఫోర్క్ కాళ్ళ మీద నూనె జాడ లేదు. గట్టిగా బ్రేక్ వేసినా ఫోర్క్ అడుగుదాకా దిగి కొట్టుకోవడం లేదు. ఈ రెండూ చూపించి అడిగితే, విప్పితేనే తెలుస్తుందన్నారు. మంచి యంత్రాలు, మర్యాదైన మనుషులు ఉన్నారు. అయినా వినకుండా విప్పే చోట బండి వదలాలనిపించలేదు.

అదే వీధి చివర బ్రేకుల పని మాత్రమే చేసే చిన్న దుకాణం ఉంది. కుర్రాడు స్పానర్ ముట్టుకోకముందే, ‘అన్నా, వెనక్కి నెట్టి బ్రేక్ వేసినా వస్తుందా?’ అని అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ముందుకు నెట్టి బ్రేక్ వేశాడు, టక్. మళ్ళీ ముందుకే నెట్టి వేస్తే లేదు. వెనక్కి నెట్టి వేశాడు, టక్. చప్పుడు దిక్కు మారినప్పుడల్లా ఒకసారి వస్తోందంటే, ప్యాడ్లు డిస్క్‌తో పాటు జరిగి క్యాలిపర్ అంచుకు కొట్టుకుంటున్నాయన్నమాట. బండి నడుస్తున్నప్పుడు రోడ్డు అదురుకు అవి మళ్ళీ మధ్యకు వస్తాయి, అందుకే ప్రతి మలుపుకూ ఒక టక్కు. క్యాలిపర్ దింపి చూస్తే, ప్యాడ్లను వెనక నుంచి నొక్కి పట్టే పల్చటి రేకు స్ప్రింగు అసలు లేదు. ప్రయాణానికి ముందు కొత్త ప్యాడ్లు వేసిన చోట దాన్ని తిరిగి పెట్టలేదు.

కొత్త స్ప్రింగు పెట్టాడు, జారే పిన్నులు తుడిచి రబ్బరుకు హాని చెయ్యని బ్రేక్ గ్రీజు పూశాడు, బోల్టులను టార్క్ స్పానర్‌తో బిగించాడు. లివర్ గట్టిపడేదాకా నొక్కి చూశాకే బండి నా చేతికిచ్చాడు. నేను అడిగితే రింగు నట్ కూడా కొంచెం కొంచెంగా వదులు చేస్తూ, ప్రతిసారీ చక్రం గాల్లో ఉంచి హ్యాండిల్ పడుతుందో లేదో చూశాడు. తర్వాత తనే నడిపి వచ్చాడు. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు నేను మనస్ఫూర్తిగా చెప్పేది అలాంటి దుకాణమే. బోర్డు చిన్నదైనా సరే, శబ్దం ఎప్పుడొస్తుందని అడిగి, తను నడిపి చూసేవాళ్ళ దగ్గరే బండి ఆపండి.

దిగేటప్పుడు అడవి మధ్య అతుకుల రోడ్డు దొరికింది. బ్రేక్ వెయ్యకపోయినా గతుకుల్లో వినిపించిన సన్నటి గలగల కూడా పోయింది, అది కూడా ప్యాడ్లదే. మధ్యలో ఆగినప్పుడు క్యాలిపర్ బోల్టులు మరోసారి చూశాం, కదల్లేదు. కోన్‌సెట్ సంగతి మాత్రం మిగిలే ఉంది. అంత బిగుతు మీద ఘాట్ ఎక్కినందుకు రేసుల్లో (బేరింగులు తిరిగే గాడి రింగులు) గుంటలు పడి ఉండొచ్చు. హ్యాండిల్ సరిగ్గా మధ్యలోకి రాగానే గాడిలో పడ్డట్టు ఆగితే అదే గుర్తు. ఇప్పటికి అలా ఆగడం లేదు. ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు మెడ విప్పించి, పాత గ్రీజు తుడిపించి, రేసుల మీద వేలితో తడిమి చూస్తాను.